కంచంలోకి వచ్చిన కంచె

నాగజెముడును ముళ్ల మొక్కల కోవ నుంచి తొలగించి, తక్షణం అమల్లోకి వచ్చే విధంగా, కూరగాయల కోవలోకి బదిలీ చేయడమైనదని కాలనీ సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. బదిలీ విషయమై మొక్కను ఎవరూ సంప్రదించలేదు. అందులో వింతేమీ లేదు. బదిలీ చేసేటప్పుడు ఉద్యోగినే అడగరు, మొక్కనేం అడుగుతారు?

తీర్మానాన్ని రాసిందీ, చదివిందీ, బలపరిచిందీ, అందరికంటే ముందు చప్పట్లు కొట్టిందీ కార్యదర్శిగారే. ఆయన బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అందుకని కాలనీలో ఆయన్ని వెనక ‘చెకింగాయన’ అంటారు, ఎదుట ‘కార్యదర్శిగారూ’ అంటారు. మనిషి రిటైరైనా చూపు రిటైరవలేదు. ఎవరెదురైనా వీడి దగ్గర టిక్కెట్టుందా అన్నట్టే చూస్తారు. ఇంట్లో కూడా నోటీసు భాషే. కాఫీ ఆలస్యమైతే ‘ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా’ అని మొదలుపెడతారు. ‘ఇందులో మూలుగెందుకు, అదిగో కాఫీ’ అని భార్య ముగిస్తుంది.

ఇంతకీ సదరు జెముడు అల్లాటప్పా జెముడు కాదు. కాలనీ చివర ఒక మైదానం ఉంది. దాని చుట్టూ తాతల నాడెవరో నాటిన జెముడు మనిషెత్తు పెరిగి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నిలబడ్డ పహిల్వాన్ల వరుసలా కంచె కట్టింది. అక్కడ గోడ కట్టాలంటే చందాలు కావాలి. చందా అనే మాట వీధి మొదట్లో వినబడితే వీధి చివరి తలుపు కూడా మూసుకునే సంస్కారం కాలనీవారిది. జెముడు చందా అడగలేదు, నీళ్లు అడగలేదు, పండక్కి సెలవు అడగలేదు. నిలబడి కాపలా కాసింది, అంతే. జీతం లేని కొలువు కనుక దానికి గౌరవం కూడా లేదు.

మైదానం పక్కనున్న నేలంతా ప్లాట్లాయనది. నేలను ముక్కలు చేయడం, ముక్కల్ని మళ్లీ ముక్కలు చేయడం, ఆ ముక్కలకు పూల పేర్లు పెట్టి అమ్మడం ఆయన వృత్తి. ఈ మైదానం మీద ఆయనకు చిరకాలంగా కన్ను. టేపు ఇచ్చి మనుషుల్ని పంపితే టేపు కంచెకు వేలాడింది, మనుషులు చాలాకాలం బోర్లా పడుకుని మాత్రమే విశ్రాంతి తీసుకున్నారు. యంత్రాన్ని పంపితే టైరులో గాలీ, డ్రైవరులో గాలీ ఒకేసారి పోయాయి. చివరికి కోర్టుకెక్కాడు. కోర్టువారు ఇరుపక్షాల కాగితాలూ తిరగేసి, ఏ కాగితంలోని కొలతా మరో కాగితంలోని కొలతతో మాట్లాడుకోవడం లేదని గమనించి, ‘జెముడు కంచెకు లోపలిది కాలనీది, బయటిది కాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్కను పెద్దక్షరాల్లో రాయించి మైదానం గేటుకు తగిలించింది కార్యదర్శిగారే. అక్షరం ముక్క వచ్చిన ప్రతివాడూ దాన్ని చదివాడు. రానివాళ్లకు ముళ్లు చదివి వినిపించాయి.

ఆ మైదానంలో కార్యదర్శిగారి కూతురు, దగ్గర్లోని బడిలో ఆటల టీచరు, రోజూ సాయంత్రం ఆడపిల్లలకు వాలీబాల్ నేర్పుతుంది. ఎవరు చూస్తున్నారోనని వెనక్కి తిరిగి చూసుకోకుండా ఆ పిల్లలు ఎగిరి బంతి కొట్టగల జాగా చుట్టుపక్కల అదొక్కటే. తొంగిచూసే కుర్రకారుకు ముక్కు మీద ముల్లు దిగే ఏర్పాటు అక్కడ మాత్రమే ఉంది కనుక. మైదానం పోతే ఆట పోతుంది. ఆట పోతే పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టడానికి ఇళ్లలో పీటలు ఎప్పట్నుంచో వేసే ఉన్నాయి. ఈ సంగతి కూతురికి తెలుసు, తండ్రికీ తెలుసు. తెలిసిన సంగతి మరిపించడానికే లోకంలో సన్మానం అనే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

ఒక ఉదయం ప్లాట్లాయన ప్లేటు ఫిరాయించాడు. ఆయన లోకంలోని మగవాళ్లందరినీ బావగారూ అనీ, ఆడవాళ్లందరినీ అక్కయ్యగారూ అనీ పిలుస్తాడు. ఆ వరసలన్నీ కలిపితే మనకు సొంత చుట్టాలే మిగలరు.

“బావగారూ, ఆ మైదానం మాట ఇంక నా నోట రాదు,” అన్నాడు కార్యదర్శిగారి వరండాలో కూర్చుని. “నాకూ వయసొచ్చింది. ఇప్పుడు నాకు కావలసింది మీ స్థలం కాదు, మీ బలం. మీరంతా ఆరోగ్యంగా ఉంటే చాలు.”

కార్యదర్శిగారి కళ్లు చెమర్చాయి. రిటైరైన తర్వాత ఆయన ఆరోగ్యం గురించి అడిగిన మొదటి మనిషి ఇతనే. ఇంట్లోవాళ్లు రోజూ అడుగుతారు గానీ ఇంట్లోవాళ్లు లెక్కలోకి రారు. పైగా మాత్ర వేసుకున్నారా అని అడుగుతారు. మాటకూ మాత్రకూ మర్యాదలో చాలా తేడా ఉంది.

ఆ వారంలోనే ప్లాట్లాయన సొంత ఖర్చుతో ఒక పసరు ప్రొఫెసరును తీసుకొచ్చి మైదానంలో సభ పెట్టించాడు. ఏ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరో ఎవరూ అడగలేదు. జన్మంతా టిక్కెట్టడిగిన కార్యదర్శిగారు కూడా ఆయన్ని మాత్రం టిక్కెట్టు లేకుండా ఎక్కించుకున్నారు. ప్రొఫెసరు గొంతు సవరించుకుని, కంచెను ఆప్యాయంగా దూరం నుంచి చూసి, ఇలా సెలవిచ్చారు:

“సోదర సోదరీమణులారా, మీరు ఐశ్వర్యాన్ని చుట్టూ పెట్టుకుని మధ్యలో రోగాలతో కూర్చున్నారు. మన పూర్వులు కరువు రోజుల్లో ఈ జెముడును కాల్చి, ముళ్లు పోగొట్టి, పశువులకు మేపారు. నేనొక్కటే అడుగుతాను. ఆ పశువులకు ఏనాడైనా షుగరొచ్చిందా? మోకాళ్ల నొప్పులని ఏ ఎద్దయినా సెలవు పెట్టిందా? కళ్లజోడు పెట్టుకున్న గేదెను మీలో ఎవరైనా చూశారా?”

ఎవరూ చూడలేదు. చూడలేదు కనుక ఒప్పుకోక తప్పలేదు.

ప్రొఫెసరు చెప్పినవన్నీ అబద్ధాలంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. అబద్ధాన్ని అతికించడానికి నిజాన్ని మించిన జిగురు లేదు. జెముడు లేత మట్టల్ని ముళ్లు గీకి కూర వండుకోవచ్చు. అందులో పీచుంటుంది. అన్నంతోపాటు తింటే రక్తంలో చక్కెర కాస్త నెమ్మదిగా ఎక్కవచ్చు. ఎర్రటి పళ్లు తింటారు, రంగుకూ వాడతారు. వెనకటి రోజుల్లో మట్టలోని జిగురును బురదనీళ్లలో కలిపి తేటపరుచుకునేవారు, వాపు మీద మట్టను వెచ్చచేసి కట్టేవారు. ఇంతవరకు మొక్క తన డ్యూటీలో చేసే పని. మిగతాదంతా ప్రొఫెసరు చేయించిన ఓవర్‌టైము. జెముడు తింటే తెల్లబడ్డ జుట్టు నల్లబడుతుంది, నల్లబడ్డ మొహం తెల్లబడుతుంది. ఏది ఎటు పోవాలో దానికే తెలుసు. సన్నవాళ్లు లావెక్కుతారు, లావువాళ్లు సన్నబడతారు. మధ్యలో ఇద్దరూ కలిసినచోట ఆగుతుంది. వాయిదాలు పడుతున్న వ్యాజ్యాలు తేలతాయి, తేలని పెళ్లిసంబంధాలు కుదురుతాయి, కుదిరిన కాపురాలు కదలవు. సర్వరోగ నివారిణి అని ఆయన సెలవిచ్చినప్పుడు వెనక వరుసలో ప్లాట్లాయన మాత్రం సర్వే రోగ నివారిణి అనుకుని తృప్తిగా తలూపాడు.

న్యాయంగా రెండో పక్షం కూడా వినాలని సంఘం వీధిలోని డాక్టరమ్మను పిలిచింది. ఆవిడ చెప్పింది పొట్టి ప్రసంగం. “ఇది కూరండీ. బెండకాయలాంటి కూర. బాగా శుభ్రం చేసుకుని తినండి, మంచిదే. మాత్రలు మాత్రం మానకండి.” ఇంత గొప్ప మొక్కను కూర అన్నందుకు సభ నొచ్చుకుంది. ఏ భయమూ పెట్టకుండా, ఏ ఆశా పెట్టకుండా మాట్లాడే మనిషిని నమ్మడమెలా? డాక్టరమ్మకు మందుల కంపెనీవాళ్ల దగ్గర ముడుపులు ముడుతున్నాయని మర్నాటికల్లా వీధి కుళాయి దగ్గర రుజువైపోయింది.

ఇక ఉద్యమం మొదలైంది. ప్లాట్లాయన ఇంటింటికీ చేతితొడుగులు పంచాడు, పటకార్లు పంచాడు, కత్తులు పంచాడు. వండుకున్నది తినడానికి ప్లేట్లు కూడా పంచాడు. ప్లేటు పెట్టినవాడు పైసా అడగకపోవడం చూసి కాలనీ ఆయన్ని దేవుడంది. దేవుడైతే స్వర్గంలో ప్లాటు ఇస్తాడు, ఈయన భూమ్మీద ప్లాటు చూసుకుంటున్నాడు, తేడా అంతే. అప్పటిదాకా చేను కోసే చేతుల్లో కత్తిని చూసిన జెముడు, ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్న పింఛనుదారుల చేతుల్లో కత్తిని చూసి ఏమనుకుందో తెలియదు. కంచె కదిలి కంచంలోకి వచ్చింది.

అప్పుడు కూడా భయపడాల్సిందేమీ లేదు. కూర నిజానికి ఎవరికీ పెద్దగా నచ్చలేదు. జిగురు. కాస్త పులుపు. వారానికొకసారి ఎవరో ఒకరు ఒక మట్ట కోసుకుంటే జెముడు ఊరుకుని మళ్లీ చిగుర్చేది. కానీ కార్యదర్శిగారు క్రమశిక్షణ గల మనిషి. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు కోసుకోవడం ఆయనకు టిక్కెట్టు లేని ప్రయాణంలా తోచింది. మైదానం చుట్టూ తిరిగి సున్నంతో గీతలు గీసి, ఇంటికింత అని కంచెను వాటాలు వేశారు. పైగా ఉద్యోగంలో నేర్చుకున్న ఒక నిబంధన జోడించారు: నెలాఖరులోగా కోయని వాటా రద్దగును, రద్దయిన వాటా పక్కింటికి జమ అగును.

యంత్రం చేయలేనిది, కోర్టు చేయలేనిది, ఆ ఒక్క వాక్యం చేసింది.

జెముడు రుచి చూసి మొహం తిప్పుకున్నవాళ్లు సైతం ఆ సాయంత్రమే కత్తులు పట్టుకుని బయల్దేరారు. మేం తినకపోతే పోయె, పక్కింటివాళ్లు మా వాటా తినడమేమిటి? ఈ ఆత్మగౌరవ ప్రశ్నకు కాలనీలో సమాధానం లేదు. కోసినవాళ్లు వండారు, వండలేనివాళ్లు ఎండబెట్టారు, ఎండబెట్టలేనివాళ్లు ఫ్రిజ్జులో కుక్కారు, ఫ్రిజ్జు లేనివాళ్లు చుట్టాలకు పంపారు, చుట్టాలు తిప్పి పంపితే మురిక్కాలవలో పారేశారు. మురిక్కాలవ మాత్రం చాలా ఆరోగ్యంగా కనిపించింది. కొలతకు మించి ఒక మట్ట కోశారని ఎదురెదురిళ్లవాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. కార్యదర్శిగారు జేబులో కొలబద్ద పెట్టుకుని, కోసినచోటల్లా ఆగి తనిఖీ చేశారు. ఎవరూ ఎక్కువ కోయలేదు. అందరూ పూర్తిగా మాత్రమే కోశారు.

జెముడుకు పెద్ద ముళ్లతోపాటు కంటికి ఆనని నూగు ముళ్లు కూడా ఉంటాయన్న సంగతి ప్రసంగంలో రాలేదు. అవి కాలనీవారి నాలుకల మీద స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి. డాక్టరమ్మ గదిలో బెంచీలు చాలక జనం నోళ్లు తెరుచుకుని వీధిలో నిలబడ్డారు. నాలుకలు వాచిన కారణంగా కొన్నాళ్లు ఇళ్లల్లో ఎవరూ ఎవర్నీ తిట్టలేకపోయారు. దీన్ని సంఘం ‘కుటుంబ సామరస్యం’ అనే కొత్త ప్రయోజనంగా నమోదు చేసింది. కార్యదర్శిగారు జెముడు చూసుకుంటుందన్న భరోసాతో మాత్రలు పక్కనపెట్టి, మిఠాయి దగ్గరకు లాక్కున్నారు. పరీక్ష చేయిస్తే షుగరు పెరిగింది. సమావేశంలో ఆయన దాన్ని ‘గణనీయమైన వృద్ధి’ అని ప్రకటిస్తే చప్పట్లు మోగాయి. “ముందు మాత్ర మింగండి, తర్వాత తీర్మానం మింగుదురుగాని,” అని ఇంట్లో భార్య నీళ్ల గ్లాసుతో నిలబడింది.

కూతురు ఆ రోజు భోజనాల దగ్గర నోరు విప్పింది.

“నాన్నా, మనం తింటున్నది కూర కాదు. కంచె.”

“కూరగా మార్చాకే కదమ్మా తింటున్నాం. తీర్మానం కూడా ఉంది.”

“గేటు మీద ఆ బోర్డు రాయించింది నువ్వే. కంచెకు లోపలిది మనదని.”

“బోర్డు ఎక్కడికీ పోలేదు. దాన్నెవరూ కోయలేదు.”

“కంచె అయిపోయాక లోపలేది, బయటేది?”

కార్యదర్శిగారు సమాధానం కోసం భార్య వైపు చూశారు. ఆవిడ అప్పటికే కొంగు బిగించి కత్తి తీసుకుంది. “మీరిద్దరూ తర్వాత వాదించుకోండి. మన వాటాకి ఇవాళే ఆఖరి రోజు. పక్కింటావిడ పొద్దుట్నుంచీ మన గీత వైపే చూస్తోంది.”

కూతురు ఊరుకోలేదు. జెముడు మట్టను నేలలో గుచ్చితే చాలు, అదే వేళ్లూని మొక్కవుతుంది. మురిక్కాలవ గట్టున పడి ఉన్న మట్టల్ని ఆడపిల్లలు ఏరుకొచ్చారు. ఆట పక్కన పెట్టి, పాత కంచె మొదళ్ల వెంబడే వరుసగా నాటారు. కొన్నాళ్లకు మట్టల కొసల్లో లేత చిగుళ్లు తొంగిచూశాయి. పిల్లలు సంబరపడ్డారు. పిల్లల కంటే ముందు ప్లాట్లాయన గమనించాడు. ఆయన కబురంపగా ప్రొఫెసరు వచ్చి, మట్టలు ఒంటికి మంచివని తాను చెప్పిన మాట నిజమే గానీ, అప్పుడే మొలిచిన చిగుళ్లు జ్ఞాపకశక్తికి మహామంచివని కొత్త ప్రసంగం చేశారు. ఆ పొద్దు గూకేలోపు చిగుళ్లతో సహా నాట్లన్నీ పోయాయి. జ్ఞాపకశక్తి కోసం తింటూ, తాము తింటున్నది దేన్నో కాలనీవారు మరిచిపోయారు.

తర్వాత సన్మానం జరిగింది. మైదానంలోనే. ఇప్పుడు అందులోకి ఎటునుంచైనా రావచ్చు కనుక జనం బాగా వచ్చారు. వేదికకు అలంకారంగా, గేటు పక్కన ఏ వాటాలోకీ రాక ఆఖరున మిగిలిన జెముడు మొక్కల్ని నరికి తోరణంగా కట్టారు. ప్లాట్లాయన కార్యదర్శిగారికి ‘జెముడు బంధు’ బిరుదిచ్చి, జెముడు బొమ్మ గల జ్ఞాపిక బహూకరించాడు. బొమ్మకు ముళ్లు లేవు. అందుకునేవారి స్వభావానికి తగ్గట్టు చేయించారని వెనకెవరో అన్నారు గానీ మైకు హోరులో వినబడలేదు. కార్యదర్శిగారి ఉత్సాహానికి ఆ రోజు హద్దు లేదు. మైదానానికీ లేదు.

మర్నాడు ఉదయం ప్లాట్లాయన మనుషులు ఇనుప రాటలు తెచ్చి పాతారు. ముళ్లతీగ లాగారు. తీగ సరిగ్గా వాలీబాల్ నెట్టు దగ్గరకు వచ్చి, ఆ నెట్టునే హద్దుగా భావించి, దాన్ని కూడా కలుపుకుని ముందుకు సాగింది. సాయంత్రం ఆడపిల్లలు బంతి పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. ఎదురు అరుగు మీది కుర్రకారు ఈలలు వేశారు. కాసేపటికి ఒక పిల్ల తల్లి వచ్చి, తన కూతురి చెయ్యి పట్టుకుంది. “రేపట్నుంచి మా అమ్మాయి రాదమ్మా. ఏమనుకోకు. ఇంట్లో పని ఉంది,” అని ఆటల టీచరుతో మెల్లిగా చెప్పింది. ఆ పిల్ల అందరిలోకీ ఎత్తుకు ఎగరగలిగేది. తల్లి వెనక నడుస్తూ వీధి మలుపు దాకా బంతి వంకే చూస్తూ పోయింది.

కార్యదర్శిగారు అప్పుడు అటుగా సాయంకాలం నడకకు వచ్చి ఉన్నారు. ఆయన చూశారు. ఆ పూట ఇంటికి వచ్చాక నోటీసు భాషలో ఒక్క ముక్క మాట్లాడలేదు. కాఫీ ఆలస్యమైంది, అడగలేదు. జ్వరమేమోనని భార్య ఆయన నుదురు పట్టుకుని చూసింది.

కాలనీ ఫిర్యాదు మీద సర్వే అధికారి విచారణకు వచ్చారు. ఆయన ముక్కుసూటి మనిషి. ముక్కు ఎటుంటే అటే చూస్తారు, పక్కకు చూడరు. మైదానం మధ్య కుర్చీ వేయించుకుని, గేటు మీది బోర్డు చదివి, “జెముడు కంచె ఏదీ?” అన్నారు. కాలనీ మొత్తం నేల చూపులు చూసింది.

ప్లాట్లాయన తరఫు వకీలు లేచి నిలబడి, ఎంతో మర్యాదగా వాదించాడు. “అయ్యా, కోర్టువారి తీర్పును నా క్లయింటు శిరసావహిస్తున్నారు. జెముడుకు లోపలిది కాలనీది. కాదని ఎవరన్నారు? ఆ జెముడు ప్రస్తుతం కాలనీవారి కడుపుల్లో ఉంది. దానికి లోపల ఏముంటే అది వారిదే. నా క్లయింటుకు అందులో వాటా అక్కర్లేదు.”

అధికారి ఇది బాగుందన్నట్టు తలూపి రాసుకోబోయారు. అప్పుడు కార్యదర్శిగారు లేచారు. జేబులోంచి రాసుకున్న కాగితం తీయలేదు.

“ఉండేదండీ,” అన్నారు. “చుట్టూ ఉండేది. మేమే తినేశాం. ఇంటికింత అని గీతలు గీసిచ్చింది నేనే. కోయకపోతే పక్కింటికిస్తానని బెదిరించిందీ నేనే. ఈయన కత్తులిచ్చాడు, అంతే. నా వాటా ఇదిగో, ఇక్కణ్నుంచి ఆ రాయి దాకా. మొదళ్లు తవ్వి చూసుకోండి.”

కూతురు తండ్రి వైపు చూసింది. చాలాకాలం తర్వాత చూసినట్టు చూసింది.

అధికారి కలం ఆపారు. నిబంధనల్లో ఆయనకు ఒక దారి కనబడింది. మొదళ్లు చాలాచోట్ల తీగ లాగినవాళ్లు పెకలించేశారు కనుక, మనుషులే సాక్ష్యం కావాలి. “సరే, అయితే తిన్నవాళ్లంతా తమ వాటా ఎక్కడుండేదో అక్కడ వెళ్లి నిలబడండి. మనుషుల వరసనే కంచెగా లెక్కేసి హద్దు గీస్తాను. ఇవాళే తేల్చేస్తాను.”

ఇంత సులువైన పని ప్రభుత్వం వైపు నుంచి ప్రజలకు అంతకు ముందెన్నడూ రాలేదు. నడవాలి, నిలబడాలి. మైదానం వెనక్కి వస్తుంది. కార్యదర్శిగారు వెళ్లి తన గీత మీద నిలబడ్డారు. భార్య ఒక్క క్షణం గొణుక్కుని, వెళ్లి ఆయన పక్కన నిలబడి, “నేనే కోశానండీ. పక్కింటావిడ కంటే ముందే వెళ్లి కోశాను,” అని అధికారికి వినపడేలా చెప్పింది. కూతురు కూర ముట్టలేదు గానీ, ఇంటి వాటా అని వెళ్లి తల్లి పక్కన నిలబడింది.

మిగతా కాలనీ కూడా కదిలేదే. ఒక కాలు ముందుకు పడింది కూడా. ఆ సమయంలో వకీలు తనలో తాను అనుకున్నట్టుగా, కోర్టు గుర్తించిన హద్దును నరికినవారి మీద ఏమేం చర్యలుంటాయో పైకి అనుకున్నాడు. ముందుకు పడిన కాలు వెనక్కి వెళ్లి తన జతను చేరుకుంది.

“నేనా? అబ్బే, నాకసలు జిగురు పడదండీ. రుచి చూశానంతే,” అన్నాడు మొదటి ఇంటాయన. మా ఇంట్లో ఒక ముక్క తెచ్చారు, అదీ పిల్లాడు ఉమ్మేశాడని రెండో ఇంటావిడ చెప్పింది. ఎవరో పంపితే కాదనలేక నాలిక్కి తగిలించామన్నారు ఎదురింటివాళ్లు. పక్కింటావిడ ఆ కూర పేరే ఇప్పుడు వింటున్నానంది. ఆవిడ పెదవి మీద నూగు ముల్లు తీయించుకున్న చోట ఇంకా ఎర్రగానే ఉంది. అధికారి ఒక్కొక్కరి మాటా శ్రద్ధగా రాసుకున్నారు. అందరూ చదువుకున్నవాళ్లు, పింఛనుదారులు, పిల్లలుగలవాళ్లు.

మధ్యలో ఆడపిల్లలు గుంపుగా ముందుకొచ్చి తాము నిలబడతామన్నారు. “మీరు తిన్నారా?” అని అడిగారు అధికారి. లేదన్నారు. తిననివాళ్లు సాక్ష్యానికి పనికిరారని ఆయన సౌమ్యంగా వాళ్లను పక్కకు జరగమన్నారు.

తండ్రీ తల్లీ కూతురూ ఎండలో వరసగా నిలబడే ఉన్నారు. ముగ్గురు మనుషులు నిలబడితే అది గీత అవుతుంది గానీ కంచె కాదు. గీతకు లోపలంటూ ఉండదు.

అధికారి నివేదిక తర్వాత అందరికీ అందింది. దాని సారాంశం ఇది: విచారించబడిన గృహస్థులందరూ గౌరవనీయులు, అబద్ధమాడవలసిన అవసరం ఉన్నట్టు కనబడలేదు. వారంతా కలిసి తిన్నది కూడినచో ఒక మొక్కకు కూడా సరిపోదు. అంత స్వల్పంగా తిన్నందువల్ల కంచె తరిగిపోయే అవకాశం లేదు. తరగని కంచె స్థలంలో కనబడనందున, సదరు కంచె మొదటి నుంచీ లేదని నిర్ధారించడమైనది. ఒక కుటుంబం మాత్రం భిన్నంగా చెప్పినది గానీ, ఆ ఇంటి యజమానికి షుగరు ఎక్కువగా ఉన్నట్లు తెలిసినందున పరిగణనలోకి తీసుకోలేదు.

నివేదికలో తర్కానికి వంక పెట్టడానికి లేదు. కార్యదర్శిగారు బిరుదు వెనక్కిచ్చేశారు. సంఘం ఆయన్ని పదవి నుంచి ఏకగ్రీవంగా తొలగించింది, కాలనీ పరువు తీశాడని. ఇప్పుడక్కడ లేచిన భవనం వరండాల్లో ప్లాస్టిక్ జెముడు కుండీలు పెట్టారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఎత్తుకు ఎగిరే పిల్ల ఇంట్లో పనులు చక్కగా నేర్చుకుంటోందని తల్లి చెప్పుకుంటుంది. మిగిలిన నలుగురైదుగురికి ఆటల టీచరు బడి వెనక సైకిళ్ల షెడ్డులో బంతి నేలకు తగలకుండా చేతుల మీద ఎంతసేపు నిలపాలో నేర్పుతోంది. షెడ్డు కప్పు తక్కువ కనుక ఎగరడం మాత్రం నేర్పడం లేదు. పక్కన ఒక ముసలాయన కూర్చుని, బయటికి దొర్లిన బంతి తెచ్చిస్తుంటాడు.

ఇంతవరకు చదివి మీరు నవ్వుకునే ఉంటారు. ఆ కాలనీవాళ్లను నాలుగు తిట్టుకుని కూడా ఉంటారు. తిట్టవలసినవాళ్లే. మీ వీధి చివర కూడా నిన్నమొన్నటిదాకా ఉండి ఇవాళ లేనిది ఏదో ఒకటి ఉంటుంది. కుంటో, చెట్ల వరసో, పిల్లల పార్కో, నడిచే దారో. అదేమైందని ఎవరైనా కుర్చీ వేసుకుని అడగడానికి వస్తే మీరు నిర్భయంగా చెప్పవచ్చు. మీరు దాన్ని తినలేదని మాకు తెలుసు. మీరు రుచి చూశారు, అంతే. అది కూడా వాళ్లు అంతగా బలవంతం చేస్తే కాదనలేక.